అడగడం మానేసిన ఊరు

మా ఆయన అమ్మమ్మ రకేరా వచ్చి నా గొడుగు అడిగిన రోజునే నాకు అర్థం కావాల్సింది, ఆ ఏడు వానలు లేవని.

"వానే లేదు కదా, నీకెందుకే గొడుగు?" అంది గుమ్మంలో అడుగు పెడుతూనే.

"ఎండకి వేసుకుంటాను అమ్మమ్మా."

"ఎండకైతే నేనూ వేసుకుంటా. వయసులో ఉన్నదానివి, నిన్ను ఎండేం చేస్తుంది? ఇటివ్వు."

ఇచ్చాను. ఇవ్వక చేసేదేముంది? మా దీవిలో దాన్ని బుబుతి అంటారు. బుబుతి అంటే అడగడం, అంతే. కానీ చుట్టం అన్నవాడు ఎదురుగా వచ్చి నిలబడి అడిగితే లేదనకూడదు. లేదనడానికి మా భాషలో మాట ఉంది గానీ ఆ మాట అనేశాక ఊళ్లో తలెత్తుకు తిరిగిన మనిషి లేడు. ఊరంతా చుట్టాలే. ఇవాళ నన్ను అడిగినవాళ్లని రేపు నేనూ అడగొచ్చు, అదీ లెక్క. రకేరా దగ్గర మాత్రం ఆ లెక్క పనిచేసేది కాదు. ఆమె పొద్దున పట్టుకెళ్లింది సాయంత్రానికి ఇంకొకరు అడిగి పట్టుకుపోయేవాళ్లు. నా కుట్టుమిషన్ అలాగే వెళ్లింది. తరవాత అది ఎవరింట్లో ఉందో ఆదివారం ప్రార్థనకొచ్చిన ఆడవాళ్ల జాకెట్ల కుట్టు చూసి పోల్చుకునేదాన్ని.

నేను ఫిజీ వెళ్లి సువాలో కాలేజీ చదువు చదివాను. ఆ చదువు వల్ల నాకు అబ్బిన తెలివి ఒక్కటే, మంచం కింద ఇనప్పెట్టె. మంచి సబ్బులు, కొత్త గిన్నె, మా ఆయన టెకాయ్ ఓడ దిగినప్పుడల్లా తెచ్చే చాక్లెట్లు అన్నీ అందులో ఉండేవి. వాకిట్లో ఎవరి గొంతు వినపడినా ముందు పెట్టె మూత పడేది, తరవాత నా నవ్వు మొదలయ్యేది. పుట్టి బుద్ధెరిగాక నేను ఎవరినీ ఏదీ అడిగి ఎరగను. అడగడం అనేది చదువుకోనివాళ్ల అలవాటని నా గట్టి నమ్మకం.

టెకాయ్ సరుకుల ఓడ మీద ఏ సముద్రంలో ఉండేవాడో అతనికే సరిగ్గా తెలిసేది కాదు. మా అమ్మాయి రాజధాని టరావాలో హాస్టల్లో ఉండి చదువుకునేది. ఇంట్లో నేనొక్కదాన్నే. మా ఊళ్లో ఒంటరిగా ఉండే మనిషిని చూస్తే, పాపం జబ్బు మనిషేమో అన్నట్టు పలకరిస్తారు. వచ్చేవాళ్లూ అడిగేవాళ్లూ లేకపోతే నేనూ అదే అనుకునేదాన్నేమో.

పెట్టెలో పట్టనిది మా ఇంట్లో ఒకటే ఉంది. వాన నీళ్ల ట్యాంకు. మనిషి కంటే ఎత్తు, నల్లటిది, రోడ్డు మీద పోయేవాళ్లకి కొట్టొచ్చినట్టు కనిపించేది. ఊళ్లో మిగతావన్నీ మొగలి ఆకుల కప్పు ఇళ్లు. వాటిలో చల్లగా ఉంటుంది గానీ వాటి మీద పడిన వాన చుక్క కూడా నిలవదు. రేకుల కప్పు మాదొక్కటే. ఇంట్లో పెనం మీద ఉన్నట్టుండేది, ట్యాంకు మాత్రం నిండేది.

ఫిబ్రవరి పున్నమికి పెద్ద పోటు వచ్చింది. పోటు ఏటా వస్తుంది, రోడ్డు దాకా వచ్చి మర్యాదగా వెనక్కి పోతుంది. ఆ ఏడు గాలి కూడా దానితో చేతులు కలిపింది. మధ్యాహ్నం అన్నాల వేళ సముద్రం రోడ్డు దాటింది, ఇళ్ల మధ్యగా నడిచి అవతలి మడుగులోకి దిగింది. దీవి మరీ సన్నం కదా, దానికి పెద్ద నడకేం కాదు. పందులు ఈదాయి. నేను అన్నం గిన్నె చేత్తో పట్టుకుని మంచం మీద నిలబడ్డాను.

నీళ్లు తీశాక మరేవే ఇంటికి వెళ్లాను. మరేవే టెకాయ్‌కి పిన్ని కూతురు, నాకు ఆడపడుచు. రకేరా ఉండేది వాళ్లింట్లోనే. మరేవే చేమ గుంట గట్టు మీద కూర్చుని ఉంది. నేలని నడుం లోతున తవ్వి, అడుగున ఊరే మంచినీళ్లలో చేమ పెంచుతాం మేము. ఒక్కో దుంప పసిపిల్లంత అవుతుంది. ఆ గుంట ఆమె మొగుడు బౌరో వాళ్ల తాతలు తవ్వింది. ఇప్పుడు దాని నిండా సముద్రం ఉంది.

"చేపలు కూడా వచ్చాయి వదినా," అంది మరేవే లోపలికి చూపించి. "చేమ కూరా చేపల కూరా ఒకే గుంటలో. ఇంక నాకు వంటింటితో పనేముంది?"

నవ్వింది. నేనూ నవ్వాను. ఆ చేమ ఆకులు నెల తిరిగేసరికి పసుపు రంగుకి తిరిగి, తరవాత వాలిపోయాయి.

ఫొటోలు తీసే పత్రికలవాళ్లు టరావా నుంచి వచ్చారు. మరేవేని నీళ్లలో నిలబడి కాస్త దిగులుగా చూడమన్నారు. నీళ్లెక్కడివి, అప్పటికే పోయాయి. "వచ్చే పున్నమికి రండి, దిగులు కూడా అప్పటికి బాగా తయారవుతుంది," అంది మరేవే. వాళ్లు రాసుకున్నారు.

అసలు దెబ్బ బావికి తగిలింది. ఒకరోజు మరేవే కప్పుతో టీ పట్టుకొచ్చి, "తాగి చూడు," అంది.

"ఉప్పేశావా?"

"నేనెయ్యలేదు. అదే వచ్చింది."

వాన పడితే బావులు మళ్లీ తీపెక్కుతాయని పెద్దలు అన్నారు. మార్చిలో పడాల్సిన వాన పడలేదు. ఏప్రిల్లో మబ్బులు వచ్చాయి, మమ్మల్ని చూసుకుంటూ అటే పోయాయి. కొబ్బరికాయలు పిడికిలంత అయి రాలిపోవడం మొదలుపెట్టాయి. దీవి అవతలి కొసన సముద్రం నీళ్లని మంచినీళ్లుగా మార్చే మిషన్ ఒకటి పెట్టారు. పనిచేసిన రోజున ఇంటికో బకెట్ ఇచ్చేవాళ్లు. పనిచెయ్యని రోజులే దానికి ఎక్కువ.

ఇక ఊరంతా మా ట్యాంకు దగ్గరికే. సాయంత్రం అయ్యేసరికి వాకిట్లో బకెట్లు, వాటి వెనక మనుషులు, మనుషుల వెనక కబుర్లు. ఎవరి కోడలు ఎవరితో మాట్లాడటం లేదో, టరావాలో చేపలేం ధరో, అన్నీ మా ట్యాంకు కిందే తేలేవి. అడగడంలో కూడా ఒక మర్యాద ఉంది. వచ్చి చాప మీద కూర్చుని, ఎండ గురించి మాట్లాడి, లేవబోతూ, "తెరేతియా, ఒకటడగనా?" అనాలి. బకెట్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మనిషి ఏమడుగుతుందో నాకు తెలియనట్టు నేనూ, "అడుగు," అనాలి.

పొద్దున్నే లేచి వేలి కణుపుతో ట్యాంకుని తట్టేదాన్ని. నీళ్లున్న చోట మొద్దుగా పలుకుతుంది, ఖాళీగా ఉన్న చోట మోగుతుంది. రోజురోజుకీ వంగి తట్టాల్సి వచ్చేది. ఓ రోజు టెకాయ్ ఫోన్ చేస్తే చెప్పాను.

"అడిగితే ఇవ్వు మరి. నాలుగు చుక్కల కోసం నువ్వు లేదన్నావనుకో, రేపు నేను ఏ మొహం పెట్టుకుని ఊళ్లో దిగాలి?"

"నువ్వు దిగేసరికి ఈ మొహం కడుక్కోడానికైనా నీళ్లుండాలి కదా?"

"నేను ఓడలో కడుక్కునే వస్తాలే," అన్నాడు.

మే నెలలో సావడిలో ఊరు కూడింది. ఎవరి వంశం వాళ్ల స్తంభం దగ్గర వాళ్లు కూర్చున్నాక, అందరిలోకీ పెద్దాయన ఇటాయా తాత లేచాడు. మామూలుగా ఆయన మాట మొదలుపెడితే ముందు తాతముత్తాతల పడవలన్నీ ఒడ్డుకి చేరాలి. ఆ రోజు తిన్నగా విషయంలోకి వచ్చేశాడు.

"తెరేతియా లేదనదు. అనలేదు. లేదనలేని మనిషిని అడగడం అడగడం కాదు, పట్టుకుపోవడమే. పసిపిల్లల తల్లులు తప్ప ఆ ఇంటికి నీళ్లడగడానికి ఇక ఎవరూ పోవద్దు. మనం మనుషులం."

అందరూ తలలు ఊపారు. చప్పట్లు కొట్టారు కూడా. వెనక స్తంభం దగ్గర నుంచి రకేరా ఒక్కతే గొంతెత్తింది.

"అడగడం మానేస్తే ఇంక మనకి వేరే పనేముందిరా?"

సావడి అంతా నవ్వింది. నేనూ నవ్వాను. నిజం చెప్పొద్దూ, ఇంటికి వస్తుంటే నా కాళ్లు తేలిగ్గా పడ్డాయి.

మర్నాడు సాయంత్రం ఎవరూ రాలేదు. చాప పరిచాను, కాసేపు చూసి చుట్టేశాను. వాకిట్లో మా కోడి ఒక్కటే అటూ ఇటూ తిరిగి, తనకీ ఏదో తక్కువైనట్టు నిలబడింది.

నీళ్లతో మొదలైంది నీళ్లతో ఆగలేదు. అసలే దొరకని చేపని ఇంకొకడి దగ్గర అడగడమెలా అని చేప అడగడం మానేశారు. బియ్యం అడగడం మానేశారు. తరవాత నిప్పు, తరవాత సూది. లేదనలేరు కదా అని ఒకరి మీద ఒకరికి జాలి. మా ఊళ్లో భోజనాలు నలుగురికీ కనబడేలా ఇంటి ముందు మంచె మీదే జరుగుతాయి. దారిన పోయేవాణ్ణి "రా, తిందువు గాని," అనకుండా ముద్ద దిగదు. ఇప్పుడు ఇళ్ల చుట్టూ తెరల్లా కట్టిన చాపలు దించేసుకుని లోపల తినడం మొదలుపెట్టారు. దారిలో ఎదురుపడితే "ఎక్కడికి?" అనే మా పలకరింపు కూడా తగ్గిపోయింది. ఎక్కడికో చెబితే ఎందుకో చెప్పాలి, ఎందుకో చెబితే అడిగినట్టవుతుంది.

ఎవరూ ఎవరితో దెబ్బలాడలేదు. ఒక దొంగతనం లేదు. సువాలో మాకు పాఠం చెప్పినాయన, కరువొస్తే మనుషులు ఒకరి మీద ఒకరు పడి పీక్కుంటారని చెప్పాడు. మా ఊరు ఎంత మర్యాదగా విడిపోయిందో చూస్తే ఆయన ఏమనేవాడో.

పొద్దునా సాయంత్రం కొబ్బరిచెట్లెక్కి కల్లు గీసే మగవాళ్లు పైన కూర్చుని పాడతారు. ఆ పాటలు వింటే పొద్దెంత అయిందో తెలుస్తుంది. గెలలు ఎండి కల్లు తగ్గాక బౌరో చెట్టెక్కి, చూసుకుని, మాట్లాడకుండా దిగేవాడు. పొద్దు ఎంతైందో తెలియక నేను ఒకే పూటకి రెండు సార్లు అన్నం వండుకున్న రోజులున్నాయి, తినడానికి నేనొక్కదాన్నే అయినా.

జూన్లో ఒకరోజు మరేవే వచ్చింది. పెదవులు పగిలి ఉన్నాయి. గ్లాసుతో నీళ్లిచ్చాను. ముట్టుకోలేదు.

"తాగవే."

"నువ్విస్తే నేను తాగితే, అడక్కుండానే అడిగినట్టు వదినా. నా వెనక ఎంతమంది ఉన్నారు?"

"ఇంట్లో ఎవరూ చూడటం లేదు."

"నేను చూస్తున్నాగా."

గ్లాసు మా ఇద్దరి మధ్యా అలాగే ఉంది. ఎందుకొచ్చావని అడగబోయి ఊరుకున్నాను. ఆమే చెప్పింది. అమ్మమ్మకి కడుపులో ఏదీ నిలవడం లేదట. బావి నీళ్లు కాచి ఇస్తున్నారట, ఉప్పు కాచినా ఉప్పేనట. మిషన్ బకెట్ పిల్లలకి పోతే ఆమెకి మూతి తడిసేంత మిగులుతోందట. నర్సు వచ్చి, మంచినీళ్లు బాగా తాగించమని చెప్పి వెళ్లిందట.

"బాగా తాగించమంది," అంది మరేవే మళ్లీ, ఆ మాటలో ఏదో తమాషా ఉన్నట్టు.

"అమ్మమ్మ నన్ను అడగమందా?"

"లేదు. అడగొద్దంది. అసలు ఏమీ అడగడం లేదు వదినా ఈ మధ్య. ఎవర్నీ. నాకదే భయంగా ఉంది."

ఆమె వెళ్లాక ఆ గ్లాసు నీళ్లు నేను తాగలేకపోయాను. ట్యాంకులోకి తిరిగి పొయ్యడానికి చేతులు రాలేదు. మొక్కకి పోశాను. ఆ మొక్క కూడా అప్పటికి చచ్చిపోయి చాలా రోజులైంది.

మర్నాడు పొద్దున్నే తల దువ్వుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని మరేవే ఇంటికి బయల్దేరాను. దించిన చాప ఎత్తి లోపలికి వెళ్తే బౌరో వల కుడుతున్నాడు. రకేరా ఓ మూల అటు తిరిగి పడుకుంది. కప్పుకున్న గుడ్డ కింద మనిషి ఉన్నట్టే లేదు.

మరేవే కంగారుగా చాప పరిచింది. నేను కూర్చున్నాను. ఎండ గురించి మాట్లాడాను. వల గురించి మాట్లాడాను. జీవితంలో ఎప్పుడూ అడగనిదాన్ని కదా, అడగడం ఎంత కష్టమో అప్పటికి గానీ తెలియలేదు. ఈ పనిని రకేరా రోజుకి నాలుగిళ్లలో అంత సునాయాసంగా ఎలా చేసేదో.

"మరేవే, ఒకటడగడానికి వచ్చాను," అన్నాను చివరికి.

బౌరో చేతిలో దారం ఆగింది. మొగుడూ పెళ్లాం మొహాలు చూసుకున్నారు. రేకుల ఇంటి మనిషి ఈ ఇంట్లో అడగడానికి ఏం మిగిలిందని?

"అడుగు," అంది మరేవే, వినపడీ వినపడనట్టు.

"అమ్మమ్మని నాకివ్వు."

"ఏమిటీ?"

"మా ఇంట్లో పెద్ద దిక్కు లేదు. టెకాయ్ ఓడ మీద, పిల్ల బడిలో. నాకో మనిషి కావాలి. అందుకని అమ్మమ్మని అడుగుతున్నాను. బుబుతి."

పిల్లల్ని అడగడం మాకు మామూలే. చుట్టాల దగ్గర ఒక మనవణ్ణి అడిగి తెచ్చుకుని పెంచుకోని ముసలివాళ్లు ఊళ్లో లేరు. ముసలివాళ్లని అడగడం మాత్రం ఎవరూ విని ఉండరు. బౌరో అయోమయంగా నవ్వాడు.

"అదేంటక్కా, పంది పిల్లనడుగుతారు గానీ ముసలి పందినెవరైనా అడుగుతారా?"

"ఎవర్రా ముసలి పంది?" అంది మూల నుంచి గుడ్డ.

గుడ్డ కదిలింది. రకేరా మోచేతి మీద లేచి నా వైపు చూసింది. కళ్లు లోపలికి పోయాయి గానీ చూపు మాత్రం అదే, ఇంట్లో వస్తువులన్నీ ఒక్క చుట్టులో చూసేసే చూపు.

"ఇది అడిగింది నన్నేనా?"

"నిన్నే అమ్మమ్మా."

"నన్ను చివరిసారి అడిగినవాడు మీ తాత. అది కూడా వాళ్లమ్మ పోరు పడలేక," అంది. కాసేపు ఆలోచించి, "ఎన్నాళ్లకి?"

"అడిగి తీసుకెళ్లింది తిరిగివ్వడం నీకెప్పుడైనా అలవాటా?"

ఆమె నవ్వింది. నవ్వలేక దగ్గింది. మరేవే అప్పటికే ఏడుస్తోంది. ఆమెకి అర్థమైపోయింది. ఊరి కట్టుబాటు నీళ్లడగొద్దని, అమ్మమ్మల్ని అడగొద్దని కాదు. మా ఇంటి మనిషి మా ట్యాంకు నీళ్లు తాగితే అది ఎవరినీ అడగడం కాదు.

"ఇచ్చేశాను," అంది మరేవే.

బౌరో ఆమెని తోపుడు బండి మీద కూర్చోబెట్టి మా ఇంటికి తోసుకొచ్చాడు. దారి పొడుగునా ఇళ్లకి దించిన చాపలు ఒక్కొక్కటే పైకి లేచాయి.

చెంచాతో మొదలుపెట్టాను. నీళ్లలో పంచదారా చిటికెడు ఉప్పూ కలపబోతే, "ఉప్పు వెయ్యకే తల్లీ, ఆ పేరెత్తితేనే తిప్పుతోంది," అంది. వేసి, వెయ్యలేదన్నాను. వారం తిరిగేసరికి గోడకి ఆనుకుని కూర్చుంది. ఇంకో వారానికి, "మంచం కింద ఆ పెట్టె ఏమిటే?" అంది.

"పాత బట్టలు."

"పాత బట్టలకి సబ్బు వాసనేమిటే?"

సాయంత్రానికి పెట్టె ఖాళీ. నేను అన్నేళ్లు దాచిన చాక్లెట్లు తెల్లగా బూజు పట్టి ఉన్నాయి. వాటిని కూడా అడిగి తీసుకుంది.

జూలైలో రకేరా వాకిట్లో మకాం పెట్టింది. దారిన పోయే ఎవరినీ వదిలేది కాదు. "ఒరేయ్, ఆ చేప ఇలా చూపించు. తల నాకియ్యి." "ఏమే, ఆ చాప ఎవరికోసం అల్లుతున్నావ్? నాకోసమా?" వాళ్లు నివ్వెరపోయి ఇచ్చేసేవాళ్లు. ఇచ్చాక అక్కడే నిలబడిపోయేవాళ్లు. అప్పుడు ఆమె, "ఇంత ఇచ్చావు కదా, నన్నేమీ అడగవూ?" అనేది. వాళ్లు నేల చూపులు చూస్తూ, "ఒక గ్లాసు నీళ్లు," అనేవాళ్లు.

"తెరేతియా, నా వాటా నుంచి తీసి పొయ్యి."

అరచేతి వెడల్పు మనిషి, రోజుకి మూడు బకెట్ల వాటా తాగుతోంది.

ఇటాయా తాత వచ్చాడు. కర్ర ఆనించుకుని నిలబడి, "రకేరా, సావడిలో ఒక మాట అనుకున్నాం," అన్నాడు.

"తెరేతియాని అడగొద్దని అనుకున్నారు. నన్నడగొద్దని ఎవడన్నాడు? నీకు కావాలా వద్దా, అది చెప్పు."

ఆయన కర్ర ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. "ఒక్క గ్లాసు," అన్నాడు. కళ్లు మూసుకుని తాగాడు. తాగాక తన నడుముకి చుట్టుకున్న పొగాకు పొట్లం తీసి, అడగకుండానే ఆమె పక్కన పెట్టాడు.

ఒక సాయంత్రం బౌరో ఎదురుగా కొబ్బరిచెట్టెక్కుతుంటే ఆమె కింద నుంచి కేకేసింది.

"బౌరో! ఒకటడుగుతాను!"

"కల్లు లేదమ్మమ్మా!"

"కల్లెవడికి కావాల్రా? పాట పాడు!"

లేదనకూడదు కదా. బౌరో పాడాడు. ఎండిన గెల పక్కన కూర్చుని, గొంతు గీరుకుంటూ, మధ్యలో మాటలు మరిచిపోతూ పాడాడు. అవతలి చెట్టు మీద నుంచి ఇంకెవరో మరిచిపోయిన మాట అందించారు. నేను పొయ్యి దగ్గర కూర్చుని విన్నాను. పొద్దెంత అయిందో తెలిసింది.

ట్యాంకు తట్టి చూడటం నేను అప్పటికే మానేశాను. ఆమె నా పక్కన పడుకుని గురక పెట్టేది, నా దిండు లాక్కునేది, అన్నంలోకి చేప తక్కువైందని తిట్టేది. నాకు ఇంకేమీ అక్కర్లేదనిపించిన రోజులవి.

ఆగస్టులో ఓడ వస్తుందన్న కబురుతో ఇళ్లు కదిలాయి. పోతున్నామని ఎవరూ అనలేదు. "టరావా వెళ్లొస్తాం," అనేవాళ్లు. వంటగిన్నెలు, వలలు, గోడమీది ఏసు పటం మూటగట్టుకుని వెళ్లొచ్చేవాళ్లని నేనెక్కడా చూడలేదు. చేమ గుంటలు చచ్చాక నేలని నమ్ముకుని ఉండటానికి ఏమీ లేదు. బౌరో అన్న టరావా రేవులో పని ఇప్పిస్తానన్నాడట.

మరేవే వచ్చినప్పుడు నేను వాకిట్లో చేప పొలుసు తీస్తున్నాను. ఆమె చాప మీద కూర్చుంది. ఎండ గురించి మాట్లాడింది. నాకు చెయ్యి ఆడలేదు.

"వదినా, ఒకటి..."

"ఆ మాట అడక్కే మరేవే."

లేదనడానికి అంత దగ్గరగా నేనెప్పుడూ వెళ్లలేదు. ఆమె మొహం పాలిపోయింది. అయినా ఆగలేదు.

"అడక్కుండా ఎలా వెళ్లను? అక్కడ అద్దె గది. పక్కన ఎవరుంటారో తెలియదు. ఎవరినీ ఏదీ అడగడానికి ఉండదు వదినా అక్కడ. ఈమె ఉంటే అదొక ఇల్లులా ఉంటుంది. పిల్లలు నిద్రపోవడం లేదు, అమ్మమ్మ లేకుండా ఎలా పోతాం అంటున్నారు. అక్కడ పైపులో నీళ్లొస్తాయి. డాక్టరున్నాడు." ఊపిరి పీల్చుకుంది. "అమ్మమ్మని నాకివ్వు."

రకేరా గడప మీదే ఉంది. అంతా విన్నది.

"బాగుంది," అంది. "ఇద్దరూ కలిసి నన్ను తెరేతియా కుట్టుమిషన్ని చేశారు. నన్నేమైనా అడుగుతారా ఎవరైనా?"

"నువ్వేమంటావమ్మమ్మా?" అన్నాను. ఉంటాననాలని ఎంత గట్టిగా కోరుకున్నానో చేతిలో చేపకి తెలుసు.

ఆమె నన్ను చూసింది, మరేవేని చూసింది. "ఎదురుగా కూర్చుని అడిగింది కదే," అంది మెల్లగా. "ఇవ్వు."

చేతులు కడుక్కున్నాను. "తీసుకెళ్లు," అన్నాను.

"నువ్వు కూడా రా వదినా."

"ట్యాంకులో ఇంకా జానెడున్నాయి. ఉన్నవాళ్లు తాగాలి కదా," అన్నాను. అది నిజమే. ఉండిపోయినవాళ్లు ఉన్నారు. టెకాయ్ దిగితే ఈ ఒడ్డునే దిగుతాడు.

ఓడ పగడపు గట్టు బయటే ఆగింది. చిన్న పడవల్లో మనుషుల్ని చేరవేస్తున్నారు. రకేరాని బౌరో ఎత్తుకుని పడవలో మూటల మధ్య కూర్చోబెట్టాడు. నేను మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి పడవ అంచు పట్టుకున్నాను. ఎవరో ఇంజన్ తాడు లాగారు. ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"తెరేతియా, ఒకటడుగుతాను."

"అడుగు అమ్మమ్మా."

ఆమె ఏమడిగినా ఇచ్చేసేదాన్ని, ఇల్లు అడిగినా సరే. ఆమె మాత్రం నా చెయ్యి చూస్తూ, "మళ్లీ ఎప్పుడైనా నన్నడుగు," అంది.

"సరే," అన్నాను. పడవ కదిలింది.

సెప్టెంబరు ఆఖర్లో వాన పడింది. మధ్యాహ్నం పూట, ఏ సూచనా లేకుండా, రేకుల మీద రాళ్లు పోసినట్టు. ట్యాంకు నిండింది. నిండి పైనుంచి పొంగి వాకిట్లోకి కారుతుంటే, నేను తడుస్తూ రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాను. ఎవరూ రాలేదు. ఎందుకొస్తారు? ఉన్న నాలుగిళ్ల వాళ్ల బకెట్లూ వాళ్ల వాకిట్లోనే నిండుతున్నాయి. మిగతా ఇళ్లలో బకెట్లు లేవు, మనుషులు లేరు. కప్పుల మీద నుంచి వాన ఊరికే కారి ఇసకలోకి పోతోంది.

అలాగే తడిసిన బట్టలతో నడుచుకుంటూ వెళ్లి ఇటాయా తాత ఇంటి ముందు ఆగాను. ఆయన మంచె మీద ఒక్కడే కూర్చుని వాన చూస్తున్నాడు. వాళ్ల పిల్లలు కూడా ఆ ఓడలోనే వెళ్లొస్తామని వెళ్లారు.

"ఏమ్మా తెరేతియా, ఈ వానలో?"

"ఒకటడగడానికొచ్చాను తాతా."

ఆయన ఇంట్లోకి ఓసారి చూశాడు, ఇవ్వడానికి ఏముందా అని. "అడుగు," అన్నాడు.

ఏమడగాలో నేను ఇంటి దగ్గర అనుకోలేదు. దారిలో కూడా అనుకోలేదు.

"కాసేపు కూర్చోనివ్వు," అన్నాను.

ఆయన చాప మీద కొంచెం పక్కకి జరిగాడు.